పాత మోడెం కార్డు జంపర్లు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

కంప్యూటర్ లోపల కార్డుగా అమర్చే పాత ఇంటర్నల్ మోడెంల జంపర్ల (అమరికను నిర్ణయించడానికి పిన్నుల జతలను కలిపే చిన్న క్యాపుల) గురించి విశాఖపట్నం పాఠకులు రాసిన ఉత్తరాలకు ఈసారి ఒకేచోట సమాధానాలు ఇస్తున్నాము. మొదటి ప్రశ్నకు వివరంగా రాసిన జవాబు మిగిలిన వాటికి కూడా ఆధారం కనుక దానిని ముందుగా చదవవలసిందిగా కోరుతున్నాము.

ప్రశ్న: మా ఇంట్లో విండోస్ 95తో పనిచేసే పెంటియం కంప్యూటర్ ఇప్పటికీ చక్కగా నడుస్తోంది. ఉద్యోగంలో ఉండగా తయారు చేసుకున్న లెక్కలు, డ్రాయింగులు అందులోనే ఉన్నాయి. వాటిని మేడమీద గదిలో ఉన్న మరో కంప్యూటర్‌కు ఇంట్లోని చిన్న ఇంటర్‌కమ్ ఎక్స్ఛేంజి ద్వారా, మోడెం నుంచి మోడెంకు పంపాలని నా కోరిక. కానీ మోడెం డయల్ చేయడం మొదలుపెట్టగానే సీరియల్ పోర్టుకు తగిలించిన మౌస్ బిగుసుకుపోతోంది. కార్డు మీద 33.6 అన్న అంకె తప్ప తయారీదారు పేరు లేదు, మాన్యువల్ ఎప్పుడో పోయింది. జంపర్ల అమరిక ఎక్కడ దొరుకుతుంది?
- విశ్రాంత ఇంజనీరు, ఉక్కునగరం

సమాధానం: మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి చూస్తే మోడెం చెడిపోలేదు. మౌస్ కామ్1 అనే సీరియల్ పోర్టు మీద, మోడెం కామ్3 మీద ఉండి, రెండూ ఐఆర్‌క్యూ 4 అనే ఇంటరప్టు లైనునే (పరికరం ప్రాసెసర్‌ను పిలిచే లైనునే) వాడుకుంటూ ఉండాలి. పీసీలో నాలుగు సీరియల్ పోర్టులకు నాలుగు చిరునామాలు ఉన్నాయి: కామ్1కు 3ఎఫ్8, కామ్2కు 2ఎఫ్8, కామ్3కు 3ఈ8, కామ్4కు 2ఈ8. ఇంటరప్టు లైన్లు మాత్రం ఆనవాయితీగా రెండే: కామ్1, కామ్3లకు ఐఆర్‌క్యూ 4, కామ్2, కామ్4లకు ఐఆర్‌క్యూ 3. చిరునామా ఇంటి నంబరు వంటిదైతే ఐఆర్‌క్యూ ఆ ఇంటి కాలింగ్ బెల్ వంటిది. ఐఎస్‌ఏ అనే పాత రకం కార్డు స్లాట్లలో ఒకే బెల్లును రెండు ఇళ్లు ఒకే సమయంలో నమ్మకంగా వాడుకోవడానికి వీలులేదు. అందువల్ల మోడెం పని మొదలుపెట్టగానే మౌస్ పలకడం మానేస్తోంది.

కాబట్టి మీరు జంపర్ల పట్టిక మొత్తం కోసం వెతకనవసరం లేదు. మీకు కావలసింది ఒక్క అమరిక మాత్రమే: మోడెంను కామ్2 చిరునామాకు, ఐఆర్‌క్యూ 3కు మార్చడం, బయోస్‌లో (కంప్యూటర్ ప్రారంభమయ్యేటప్పుడు తెరిచే మూల సెట్టింగులలో) మదర్‌బోర్డు సొంత రెండవ సీరియల్ పోర్టును ఆపివేయడం. ఏమి కావాలో ముందే తేల్చుకున్న వ్యక్తికి వెతుకులాట సగం తగ్గుతుంది. రెండవ సీరియల్ పోర్టుకు వేరే పరికరం తగిలించి ఉంటే అప్పుడు కామ్3, ఐఆర్‌క్యూ 5 ఎంచుకోవచ్చు. అయితే ఐఆర్‌క్యూ 5ను చాలా సౌండ్ కార్డులు ముందే తీసుకుని ఉంటాయి కనుక విండోస్ డివైస్ మేనేజర్‌లో చూసుకున్న తరువాతే ఆ పని చేయాలి. కామ్4 జోలికి వీలైనంత వరకు వెళ్లకండి. దాని చిరునామా అయిన 2ఈ8ని ఎస్3 వంటి కొన్ని వీడియో కార్డులు కూడా వాడుకుంటాయి, ఆ గొడవ బయటపడటం చాలా కష్టం.

ఇక కాగితం మీద ఆధారం ఎక్కడ దొరుకుతుందన్న విషయానికి వద్దాం. అన్నిటికంటే ముందు కార్డునే చూడండి. దుమ్ము తుడిచి భూతద్దంతో రెండు వైపులా పరిశీలిస్తే, చాలా కార్డుల మీద జంపర్ల పక్కనే తెల్లని చిన్న అక్షరాలతో పోర్టు పేర్లో, ఐఆర్‌క్యూ అంకెలో, కొన్నిసార్లు చిన్న పట్టికో అచ్చయి ఉంటుంది. వెనుకవైపు బార్‌కోడ్ స్టిక్కరు కింద దాగి ఉన్న పట్టికలూ ఉంటాయి.

అక్కడ లేకపోతే ఎఫ్‌సీసీ ఐడీ అనే సంకేతం కోసం చూడండి. అమెరికాలో అమ్మకానికి తయారైన చాలా కార్డుల మీద ఇది ఉంటుంది, మన దేశానికి దిగుమతి అయిన కార్డులలో కూడా చాలావాటి మీద అలాగే ఉండిపోయింది. పాత సంకేతాలలో మొదటి మూడు అక్షరాలు అనుమతి పొందిన సంస్థకు కేటాయించినవి, మిగిలినవి ఆ సంస్థ తన సరుకుకు పెట్టుకున్న గుర్తు. అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ వెబ్‌సైటులో ఆ అక్షరాలు ఇస్తే సంస్థ పేరు, చిరునామా వస్తాయి. అనామకంగా అమ్ముడైన కార్డు అసలు ఎవరి కర్మాగారంలో పుట్టిందో చెప్పే ఆధారం ఇదే. ఒకే కర్మాగారపు బోర్డు నాలుగైదు పేర్లతో, నాలుగైదు రంగుల పెట్టెలలో అమ్ముడయ్యేది కనుక పెట్టె మీది పేరు కంటే దీనికే ఎక్కువ విలువ ఇవ్వాలి. టెలిఫోన్ లైనుకు కలపడానికి ఇచ్చిన పార్ట్ 68 అనుమతి సంఖ్య కూడా పక్కనే ఉంటుంది, దానిలోనూ మొదటి అక్షరాలు తయారీదారును సూచిస్తాయి. సంస్థ పేరు తెలిశాక, అది మూతపడినా, దాని పాత వెబ్‌సైటు ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్ వేబ్యాక్ మెషీన్‌లో ఉండే అవకాశం బాగా ఉంది. 1996 నుంచి సేకరించిన పుటలు అక్కడ ఉన్నాయి. వాటిలో సపోర్టు విభాగం కింద మాన్యువళ్లు, జంపర్ పటాలు వెతకండి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పెద్ద చిప్ మీద రాక్‌వెల్ అనో, లూసెంట్ అనో, సిరస్ లాజిక్ అనో కనిపిస్తే దానినే తయారీదారు పేరుగా భావించి వెతికేవారు చాలామంది ఉన్నారు. ఆ సంస్థలు చిప్ మాత్రమే ఇచ్చాయి. జంపర్లు ఎక్కడ ఉండాలో, ఏ జంపర్ ఏమి చేయాలో నిర్ణయించింది బోర్డు తయారు చేసిన సంస్థ. ఒకే రాక్‌వెల్ చిప్ ఉన్న రెండు కార్డుల జంపర్లు పూర్తిగా వేరుగా ఉండవచ్చు. చిప్ మీది అంకెలు మరో విధంగా ఉపయోగపడతాయి: నాలుగంకెల తేదీ సంకేతంలో మొదటి రెండు సంవత్సరాన్ని, చివరి రెండు వారాన్ని తెలుపుతాయి, అంటే 9642 అని ఉంటే అది 1996లో 42వ వారపు చిప్. సెకనుకు 33.6 కిలోబిట్ల వేగం ప్రమాణంలోకి వచ్చింది కూడా 1996లోనే కనుక మీ కార్డు అంతకంటే పాతది అయ్యే అవకాశం తక్కువ. ఆ కాలపు కార్డులలో ప్లగ్ అండ్ ప్లే పద్ధతి (జంపర్లు లేకుండా కంప్యూటరే అమరికను కేటాయించే పద్ధతి) కూడా ఉండేది కాబట్టి మీ జంపర్లలో ఒకటి దానికి సంబంధించినది కావచ్చు. బోర్డు మీద రివిజన్ సంఖ్య ఉంటే అది కూడా రాసిపెట్టుకోండి. మోడల్ ఒకటే అయినా రివిజన్ మారినప్పుడు జంపర్లు మారిన సందర్భాలున్నాయి.

ఎక్కడా పట్టిక దొరకకపోయినా నిరాశపడవలసిన పని లేదు. కార్డు తన అమరికను తానే చెప్పగలదు, మీరు ఇంజనీరు కనుక ఈ మార్గం మీకు నచ్చుతుందని అనుకుంటున్నాను.

ఏ జంపర్లు ఐఆర్‌క్యూకు సంబంధించినవో మల్టీమీటర్ చెబుతుంది. కంప్యూటర్ ఆపి, కార్డు బయటకు తీసి, బల్ల మీద బోర్లా పెట్టండి. చిప్‌లు లేని, టంకం వేసిన వైపు అంచున ఉన్న బంగారు రంగు పట్టీలను బి వరుస అంటారు. లోహపు బ్రాకెట్ ఉన్న చివరి నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టాలి. కొన్ని కార్డులలో వాడని చోట్ల పట్టీ వేయకుండా ఖాళీగా వదిలేస్తారు, ఆ ఖాళీని కూడా లెక్కలో కలపాలి. మీ లెక్క సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి 1వ, 10వ, 31వ పట్టీలను మీటర్‌తో చూడండి. ఆ మూడూ గ్రౌండ్ కనుక ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి. ఆ తరువాత 25వ పట్టీ ఐఆర్‌క్యూ 3, 24వది ఐఆర్‌క్యూ 4, 23వది ఐఆర్‌క్యూ 5, 21వది ఐఆర్‌క్యూ 7, బ్రాకెట్ దగ్గరి 4వది ఐఆర్‌క్యూ 2, అంటే నేటి లెక్కలో 9. మీటర్ ఒక మొనను పట్టీ మీద ఉంచి, రెండవ మొనతో జంపర్ పిన్నులను ఒక్కొక్కటిగా తాకుతూ పోతే ఏ పిన్ను ఏ లైనుకు వెళుతోందో తేలిపోతుంది. మధ్యలో చిన్న రెసిస్టర్ ఉంటే మీటర్ బీప్ అనకపోవచ్చు, అప్పుడు ఓమ్‌ల రేంజిలో చూడండి. ఐఆర్‌క్యూ జంపర్లలో ఒకవైపు పిన్నులన్నీ సాధారణంగా ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి, అది కూడా వాటిని గుర్తుపట్టే ఆనవాలే.

ఏ ఐఆర్‌క్యూ పట్టీతోనూ కలవని జంపర్లు మిగులుతాయి, చిరునామావి వాటిలోనే ఉంటాయి. హెక్సాడెసిమల్ (16 ఆధారంగా గల) సంఖ్యలైన ఆ నాలుగు చిరునామాలను ద్విసంఖ్యామానంలో రాసి చూస్తే, వాటి మధ్య తేడా రెండే అంకెలలో ఉందని తెలుస్తుంది: 3ఎఫ్8కు, 2ఎఫ్8కు మధ్య తేడా ఏ8 అనే చిరునామా లైనులో, 3ఎఫ్8కు, 3ఈ8కు మధ్య తేడా ఏ4 అనే లైనులో. అంటే నాలుగు పోర్టులలో ఒకదానిని ఎంచుకోవడానికి రెండు జంపర్లు చాలు, పరీక్షించవలసిన కలయికలు నాలుగే. ఈ జంపర్లు నేరుగా అంచు పట్టీలకు కాక చిప్ లోపలికి వెళతాయి కనుక మీటర్ ఇక్కడ సాయం చేయదు. ప్రయోగం చేసి చూడవలసిందే.

ఆ ప్రయోగం ఇలా చేయండి. బయోస్‌లో మదర్‌బోర్డు సీరియల్ పోర్టులు రెండింటినీ తాత్కాలికంగా ఆపివేయండి, లేకపోతే వాటి జవాబును మోడెం జవాబుగా పొరబడతారు. కంప్యూటర్‌ను డాస్ మోడ్‌లో ప్రారంభించి, దానితో వచ్చే డీబగ్ అనే ప్రోగ్రాం నడపండి. మోడెంలోని సీరియల్ చిప్‌కు దాని మొదటి చిరునామా నుంచి ఏడు స్థానాల తరువాత, రాసింది రాసినట్టు దాచుకుని తిరిగి ఇచ్చే ఒక రిజిస్టర్ ఉంటుంది. కామ్1కు అది 3ఎఫ్ఎఫ్, కామ్2కు 2ఎఫ్ఎఫ్, కామ్3కు 3ఈఎఫ్, కామ్4కు 2ఈఎఫ్. డీబగ్‌లో ఓ అక్షరం, ఆ చిరునామా, 55 అని ఇచ్చి, తరువాత ఐ అక్షరం, అదే చిరునామా ఇస్తే 55 తిరిగి రావాలి. మరోసారి 55 బదులు ఏఏ ఇచ్చి చూడండి. రెండుసార్లూ ఇచ్చిందే తిరిగి వస్తే కార్డు ఆ చిరునామాలో ఉన్నట్టే. ఎఫ్ఎఫ్ మాత్రమే వస్తుంటే అక్కడ ఏమీ లేదని అర్థం. ప్రతి కలయికకు కంప్యూటర్ ఆపి, జంపర్ మార్చి, మళ్లీ అడగాలి. ఫలితాలను కాగితం మీద రాసుకుంటే, పోయిన మాన్యువల్‌లోని పట్టిక మీ చేతితోనే తిరిగి తయారవుతుంది. ఆ కాగితాన్ని కార్డు ఉన్న క్యాబినెట్ లోపలే అంటించి ఉంచమని నా సలహా.

కామ్2, ఐఆర్‌క్యూ 3 కుదిరాక బయోస్‌లో మొదటి సీరియల్ పోర్టును తిరిగి తెరవండి, మౌస్ దానికి తగిలించండి. బయోస్‌లో ఐఆర్‌క్యూలను కేటాయించే పుట ఉంటే 3వ లైనును లెగసీ ఐఎస్‌ఏకు (ప్లగ్ అండ్ ప్లే కాని పాత కార్డులకు) కేటాయించండి. విండోస్ కంట్రోల్ ప్యానెల్ మోడెమ్స్ విభాగంలోని డయాగ్నోస్టిక్స్‌లో మోర్ ఇన్ఫో నొక్కినప్పుడు మోడెం వరుసగా జవాబులిస్తే పని పూర్తయినట్టే. మేడమీది మోడెం కూడా సిద్ధమయ్యాక, ఇంటర్‌కమ్ ఎక్స్ఛేంజి ఇచ్చే డయల్ టోన్‌ను మోడెం గుర్తించకపోతే డయల్ ఆదేశానికి ముందు ఏటీఎక్స్3 ఇవ్వండి. అవతలి మోడెం దగ్గర ఏటీఏ అని ఇస్తే అది ఫోన్ ఎత్తుతుంది.

ప్రశ్న: మా ఇల్లు సముద్రానికి దగ్గర. అటక మీది పాత మోడెం కార్డు తీసి చూస్తే జంపర్ పిన్నుల చుట్టూ ఆకుపచ్చని పొర పట్టింది. మాన్యువల్ మా దగ్గర ఉంది, దాని ప్రకారమే జంపర్లు పెట్టినా కార్డు మరో పోర్టులో ఉన్నట్టు ప్రవర్తిస్తోంది. మాన్యువల్ తప్పా?
- గృహిణి, పెదవాల్తేరు

సమాధానం: మాన్యువల్‌ను అనుమానించే ముందు ఆ ఆకుపచ్చని పొరను అనుమానించండి. సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ కలిసి రాగిని తినివేయడం వల్ల ఏర్పడే పొర అది, విశాఖలో అటకల మీద ఉంచిన కార్డులన్నిటికీ ఈ ప్రమాదం ఉంది. జంపర్ క్యాప్ పైకి సరిగ్గా కూర్చున్నట్టు కనిపించినా లోపల లోహం లోహాన్ని తాకకపోతే, కార్డు దృష్టిలో ఆ జంపర్ లేనట్టే. మీరు చెప్పిన తప్పుడు పోర్టు అలా ఏర్పడినదే అయి ఉంటుంది.

క్యాపులన్నీ తీసి, మెత్తని పళ్లబ్రష్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిన్నులను శుభ్రం చేయండి. అంచున ఉన్న బంగారు రంగు పట్టీలను ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో తుడవండి, గరుకు కాగితంతో మాత్రం ఎప్పుడూ రుద్దవద్దు. క్యాప్ లోపలి చిన్న స్ప్రింగ్ నల్లబడి ఉంటే ఆ క్యాప్ వాడవద్దు, కొత్తది పెట్టండి. పూర్తిగా ఆరిన తరువాత, క్యాప్ పెట్టిన ప్రతి జతకూ వెనుకవైపు టంకం చుక్కల మీద మల్టీమీటర్ పెట్టి నిజంగా కలుస్తున్నాయా లేదా చూసుకుంటే సందేహం తీరుతుంది. మళ్లీ దాచిపెట్టేటప్పుడు సిలికా జెల్ పొట్లంతో కలిపి గాలి చొరని కవరులో పెట్టండి.

ప్రశ్న: మా దుకాణానికి పాత కంప్యూటర్లతో పాటు మోడెం కార్డులు వస్తుంటాయి. కొన్నిటికి జంపర్లే లేవు. మరికొన్నిటికి పిన్నులున్నాయి గానీ క్యాపులన్నీ ఊడిపోయి ఉన్నాయి. ఇవి పనికిరానివేనా?
- పాత కంప్యూటర్ల వ్యాపారి, డాబాగార్డెన్స్

సమాధానం: క్యాపులు లేని కార్డును తుక్కులో వేయకండి. ఇంటెల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు 1993లో ఐఎస్‌ఏ ప్లగ్ అండ్ ప్లే పద్ధతిని ప్రకటించాక, రెండు విధాలుగానూ పనిచేసే కార్డులు చాలా వచ్చాయి. వాటిలో ఎన్నిటికో క్యాపులన్నీ తీసివేయడమే ప్లగ్ అండ్ ప్లే అమరిక. అటువంటి కార్డును విండోస్ 95 గానీ 98 గానీ ఉన్న కంప్యూటర్‌లో పెట్టి చూడండి, కొత్త హార్డ్‌వేర్ కనబడిందని అదే చెబుతుంది. డాస్ కోసమైతే బయోస్‌లో ప్లగ్ అండ్ ప్లే ఆపరేటింగ్ సిస్టం అన్నచోట నో పెట్టాలి. అప్పుడు చిరునామా, ఐఆర్‌క్యూ కేటాయించే పని బయోసే చేస్తుంది. పాత లైనక్స్‌లో పీఎన్‌పీడంప్, ఐఎస్‌ఏపీఎన్‌పీ అనే రెండు ప్రోగ్రాములు ఇదే పని చేస్తాయి.

జంపర్లే లేని కార్డులను అంచు చూసి విడదీయండి. పొడవైన నల్లని స్లాట్‌లో కూర్చునే ఐఎస్‌ఏ కార్డు అయితే పైన చెప్పిన పద్ధతే. పొట్టి తెల్లని స్లాట్‌లో కూర్చునే పీసీఐ కార్డు అయితే చిరునామాను నిర్ణయించే జంపర్లు దానికి ఉండవు, వెతకడం వృథా. పీసీఐ మోడెంలలో ఎక్కువ భాగం పనిని కంప్యూటర్ ప్రాసెసర్ మీదకు నెట్టే సాఫ్ట్‌వేర్ మోడెంలు. సరైన డ్రైవర్ లేనిదే అవి పలకవు, డాస్‌లో పనిచేయవు. కొనుగోలుదారుకు ఈ సంగతి ముందే చెప్పి అమ్మడం న్యాయం. కొత్త క్యాపులు కొనేటప్పుడు పిన్నుల మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు ఉన్నవి అడగండి. కొన్ని హార్డ్ డిస్కుల నుంచి తీసినవి 2 మిల్లీమీటర్లవి, వాటిని బలవంతంగా నొక్కితే పిన్నులు వంగుతాయి.

ప్రశ్న: పట్టిక లేకుండా జంపర్లు మార్చి చూస్తే కార్డు కాలిపోతుందని మా సీనియర్లు అంటున్నారు. నిజమేనా?
- పాలిటెక్నిక్ విద్యార్థి, కంచరపాలెం

సమాధానం: చిరునామా, ఐఆర్‌క్యూ జంపర్లను తప్పుగా పెట్టినంత మాత్రాన కార్డు కాలిపోదు, అది దొరకదు, లేదా మరో పరికరంతో గొడవపడుతుంది, అంతే. గొడవ కనబడిన వెంటనే కంప్యూటర్ ఆపివేయండి, రెండు కార్డులను ఒకే చిరునామాలో ఎక్కువసేపు నడపవద్దు. నిజమైన ప్రమాదం మూడు చోట్ల ఉంది. కరెంటు ఉండగా జంపర్ మార్చడం మొదటిది. ఫోన్ వైరు తగిలించి ఉండగా కార్డును ముట్టుకోవడం రెండవది. లైనులో 48 వోల్టుల డీసీ ఎప్పుడూ ఉంటుంది, రింగు వచ్చినప్పుడు 75 వోల్టుల దరిదాపు ఏసీ వస్తుంది. ఫోన్ సాకెట్ల పక్కన విడిగా ఉండే జంపర్లను కదపడం మూడవది. అవి లైను వైపు సర్క్యూట్‌కు చెందినవి కావచ్చు కనుక వాటిని ఉన్నట్టే వదిలేయండి.

మొదటి జంపర్ ముట్టుకునే ముందు కార్డును రెండు వైపులా ఫోటో తీసి పెట్టుకోండి. అది చివరిసారి ఏ అమరికలో పనిచేసిందో చెప్పే సాక్ష్యం ఆ స్థితి ఒక్కటే, ఒకసారి క్యాపులు కదిపితే అది తిరిగి రాదు. పాత కార్డులతో పనిచేసేవారు ఎక్కువగా పోగొట్టుకునేది దీనినే.

ప్రశ్న: మీరు చెప్పే పద్ధతులలో ఒకదానితో మోడెంను కామ్2కు మార్చాను. ఇప్పుడు డయల్ చేస్తే నో డయల్ టోన్ అని వస్తోంది. ఇంకా జంపర్ తప్పే ఉందా?
- పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ

సమాధానం: లేదు. ఆ మాట మోడెం నుంచే వచ్చింది. చిరునామా తప్పయితే మోడెం అసలు జవాబివ్వదు, ఐఆర్‌క్యూ తప్పయితే జవాబు చాలా ఆలస్యంగా వస్తుంది లేదా మధ్యలో ఆగిపోతుంది. ఆదేశానికి వెంటనే సమాధానం వచ్చిందంటే మీ జంపర్లు సరిగ్గానే ఉన్నాయి, ఇక వాటిని కదపవద్దు. వైరు లైన్ అని రాసిన సాకెట్‌లో కాక ఫోన్ అని రాసిన సాకెట్‌లో పెట్టారేమో చూడండి. అది సరిగ్గా ఉంటే ఏటీఎక్స్3 ఇచ్చి డయల్ చేయండి, అప్పుడు మోడెం డయల్ టోన్ కోసం ఎదురుచూడదు. మీ ల్యాండ్‌లైన్ ఇప్పుడు ఫైబర్ పెట్టె ద్వారా వస్తున్నట్లయితే స్వరం ఇంటర్నెట్ ప్యాకెట్లుగా ప్రయాణిస్తుంది కనుక మోడెంలు కలిసినా వేగం నిలకడగా ఉండదు. 9600 వంటి తక్కువ వేగానికి పరిమితం చేసి ప్రయత్నించండి.